బట్ట మీద చెప్పు పెట్టని కనకరాజు

ప్లాస్టిక్ గడ్డి చుట్ట విప్పగానే కనకరాజు కత్తి అందుకోడు. ముందు అరచేత్తో నిమురుతాడు. ఇటు నుంచి అటు ఒకసారి, అటు నుంచి ఇటు ఒకసారి. ఒక వైపు చెయ్యి నూనె రాసినట్టు జారిపోతుంది. రెండో వైపు పోచలు లేచి వేళ్ళకు అడ్డం పడతాయి. గడ్డి ఎటు పడుకుంటోందో అలా తెలుసుకుని, చుట్టను తిరగేసి, వెనక నల్లటి రబ్బరు మీద సుద్దతో బాణం గీస్తాడు. కోసే ప్రతి ముక్కకూ ఆ బాణం ఉండాలి. పరిచేటప్పుడు బాణాలన్నీ ఒకే వైపు చూడాలి. ఒక్క ముక్క తలకిందులైనా ఒకే పచ్చ రెండు రంగులుగా కనిపిస్తుంది. ఎందుకలా ఉందో ఇంటివాళ్ళకు తెలియదు. గేటు తీసిన ప్రతిసారీ ఏదో అతుకేసినట్టుందని మాత్రం అనిపిస్తుంది.

ఇది ఆయన గడ్డి దగ్గర నేర్చుకున్నది కాదు, మఖ్మల్ దగ్గర నేర్చుకున్నది. మీసాలు రాని వయసులో మూసారాంబాగ్‌లో ఒక ముసలి ఉస్తాద్ దగ్గర కుట్టుపనికి చేరాడు. ఒక పెళ్ళికూతురి మఖ్మల్ రవికకు చేతులు తలో వైపు వాలుతో కత్తిరించాడు. దీపం కింద చూస్తే ఒక చెయ్యి ఎరుపు, ఒక చెయ్యి నలుపు. ఉస్తాద్ తిట్టలేదు. ఆ రవికను కనకరాజుకే తొడిగి, వచ్చిన గిరాకీ అందరికీ కనబడేలా సాయంత్రం దాకా కొట్టు గుమ్మంలో నిలబెట్టాడు. వాలు సంగతి ఆ రోజుతో తలకెక్కింది.

ఉస్తాద్ దగ్గర నేర్చిన రెండో సంగతి, బట్ట మీద చెప్పు పెట్టకూడదని. లెహంగాలు కత్తిరించాలంటే బల్ల చాలదు, నేల మీద పరుచుకోవాలి. అటు ఇటు తిరిగేవాళ్ళు ఎవరైనా సరే చెప్పులు విడవాల్సిందే. గిరాకీ వస్తే గిరాకీ, ఇంటి ఓనర్ వస్తే ఇంటి ఓనర్.

ఆ రెండు సంగతులతో కనకరాజు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులో ‘సుక్కు లేడీస్ టైలర్స్’ పెట్టి ముప్పై ఏళ్ళు నడిపాడు. సుక్కు అంటే పెళ్ళాం సుక్కమ్మ. "బోర్డు మీద నా పేరు రాసిండు. గల్లా మీద మాత్రం తనే కూసున్నడు" అని ఆమె చుట్టాలందరితో చెప్పేది. తర్వాత సాగే గుడ్డతో రెడీమేడ్ రవికలు వచ్చాయి. ఆడపిల్లలు చీరకు ఫాల్ వేయించడానికి, నడుము వదులు చేయించడానికి తప్ప రావడం మానేశారు. చివరికి ఆ సందులో పాత బిల్డింగ్ కొట్టేసి కాంప్లెక్స్ లేపుతామన్నారు. కనకరాజు మిషన్ ఆటోలో వేసుకుని కర్మన్‌ఘాట్‌లో ఇంటికి తెచ్చుకున్నాడు.

అప్పుడు వచ్చాడు సుక్కమ్మ తమ్ముడు యోగేందర్. నాదర్‌గుల్ వైపు పిల్లలు బాక్స్ క్రికెట్ ఆడుకునే గ్రౌండ్లకు ప్లాస్టిక్ గడ్డి పరిపించే కాంట్రాక్టులు చేస్తాడు. ఇళ్ళ ముందు, మేడల మీద వేసే పనులు కూడా వస్తున్నాయి. అతుకుల దగ్గరే పేచీ.

"బావా, ఇన్నేండ్లు ఆడోళ్ళ రవికెలు కుట్టినవ్. ఇగ గడ్డి కుడ్తవా?" అన్నాడు.

"తినెటోడివి నువ్వుండంగ నాకేం తక్కువ" అన్నాడు కనకరాజు. మర్నాడు బండెక్కి పోయాడు.

గడ్డి మీదికి వెళ్ళగానే ఆయన చెప్పులు విడిచాడు. యోగేందర్ నవ్వాడు. "గది బట్ట కాదు బావా, పిలాస్టిక్."

"అంచులున్నయి, వాలుంది, అతుకుంది. బట్ట కాకపోతే మరేంది?"

ఆ రోజు నుంచి ఉత్త కాళ్ళతోనే పని. అతుకు కింద టేపు పరిచి, జిగురు పూసి, రెండు అంచులనూ పోచ నలగకుండా దగ్గరికి తెచ్చి, కుడికాలి ముందు భాగంతో తొక్కుకుంటూ పోతాడు. మిషన్ పెడల్ తొక్కినట్టే ఉంటుంది ఆ తొక్కుడు. అతుకు ఎక్కడుందో తర్వాత ఆయన కూడా వెతుక్కోవలసిందే. ఆ పేరు కాలనీలు దాటింది. ‘ఆ టైలర్‌నే పంపండి’ అని అడిగి మరీ పిలిపించుకోసాగారు.

ఆయనకు షుగర్ ఉంది. గోలీలున్నాయి. సుక్కమ్మ చేతిలో పెడితే వేసుకుంటాడు, లేకపోతే లేదు. కొట్టు మూసే నాటికే అరికాళ్ళలో చీమలు పాకినట్టు ఒకటే తిమ్మిరిగా ఉండేది. పడుకుంటే మరీ ఎక్కువ. గడ్డి పనిలో చేరాక ఆ చీమలు ఒక్కొక్కటే పోయాయి. కూర్చుని కుట్టే పని మానేసి తిరిగే పని పట్టడం మంచిదైందని, రోగం దానంతటదే కుదిరిందని అనుకున్నాడు. సుక్కమ్మతో అదే మాట అన్నాడు. ఆమె కర్మన్‌ఘాట్ హనుమంతుడికి కొబ్బరికాయ కొట్టి వచ్చింది.

ఆ మే నెలలో ఎల్బీనగర్ లోపలి కాలనీలో ఒక ఇల్లు తగిలింది. ఇంటాయన చక్రపాణి తెనాలి వైపు నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. భార్య వేదవతి. ఇల్లు కట్టినప్పుడే ముందర మెక్సికన్ గడ్డి వేయించారు. ఆ ఎండాకాలం బోరు ఎండింది. ట్యాంకర్ వచ్చిన రోజు గడ్డి లేచి కూర్చుంటుంది, రాని రోజు పడుకుంటుంది.

కనకరాజు కొలతలు తీసుకుంటుంటే మొగుడూ పెళ్ళాలు వసారాలో వాదించుకుంటున్నారు.

"చచ్చిన గడ్డికి నీళ్ళు పోసి బతికించడం, బతికిన గడ్డిని కోసి చంపడం. ఏడాదంతా మనం చేసే పని ఇదేగా?" అన్నాడు చక్రపాణి. "మనుషులకే నీళ్ళు కొనుక్కుంటున్నాం. ఇది వేసేస్తే మాలి అక్కర్లేదు, మిషన్ అక్కర్లేదు, పురుగూ పుట్రా అక్కర్లేదు."

"పొద్దున్నే కాలికి తడి తగలకపోతే నాకు లేచినట్టే ఉండదు. కాఫీ మానేసి కాఫీ ఫోటో చూస్తూ కూర్చోమన్నట్టుంది మీ వరస."

"వానాకాలం వచ్చాక చెప్పు ఈ మాట. బురద తొక్కి హాలంతా ముగ్గులేసేది ఎవరు?"

"మీరే వేసేది. తుడిచేది నేను."

ఇద్దరికీ తేలక, కనకరాజు వైపు తిరిగారు. "మీరు రోజూ చూస్తారుగా, ఏది మంచిదండీ?" అంది వేదవతి.

"నేను దర్జీనమ్మా" అన్నాడు కనకరాజు టేపు చుట్టుకుంటూ. "చీర మంచిదా, చుడీదార్ మంచిదా అని దర్జీనడిగితే ఏం జెప్తడు? తెచ్చింది కుడ్తడు."

చక్రపాణి అప్పటికే యోగేందర్‌తో మాట ఖాయం చేసుకున్నాడు కాబట్టి పని మొదలైంది. యోగేందర్ మనుషులు వసారా వైపు సగం గడ్డి తవ్వేసి, కంకర పొడి పరిచి, కొట్టి చదును చేశారు. గేటు వైపు సగం మీద సామాను ఉంది. ఇటువైపు పూర్తయ్యాక అటువైపు తవ్వాలని అనుకున్నారు.

అతుకు వేసే రోజు ఎండ మాడుతోంది. జిగురు పూశాక నీడకు పోయి కూర్చోడానికి లేదు. అది ఆరేలోపు తొక్కాలి. కనకరాజు తలకు తువ్వాలు చుట్టుకుని, కుడికాలు మోపి, కొద్దికొద్దిగా జరుగుతూ ఆ చివర నుంచి ఈ చివర దాకా వచ్చాడు. పట్టిందో లేదో అని మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. వేదవతి మజ్జిగ గ్లాసు పట్టుకుని వసారా మెట్టు దిగి కొత్త గడ్డి మీద కాలు పెట్టింది. పెట్టిన కాలు పెట్టినట్టే వెనక్కి లాక్కుంది. మజ్జిగ సగం ఒలికిపోయింది.

"అమ్మో! పెనం మీద పెట్టినట్టుంది! మీరెలా నిలబడ్డారండీ దీని మీద?"

కనకరాజుకు నవ్వొచ్చింది. "మీవి దూది కాళ్ళమ్మా. మావి ముప్పై ఏండ్లు పెడల్ దొక్కిన కాళ్ళు. గీ ఎండ వాటినేం జేస్తది?"

"చూశావా, అంతా అలవాటులో ఉంటుంది" అన్నాడు చక్రపాణి వసారాలోంచి.

మిగిలిన సగం గ్లాసు మజ్జిగ కనకరాజు అక్కడే, ఆ గడ్డి మీదే నిలబడి తాగాడు. అందులో కొంచెం గొప్ప కూడా ఉంది.

సాయంత్రం ఇంటికి వచ్చి, నల్లా దగ్గర కాళ్ళు కడుక్కుని, పాతగుడ్డతో తుడుచుకుని లోపలికి వచ్చాడు. సుక్కమ్మ బియ్యం ఏరుతోంది. గచ్చు మీద మొగుడి అడుగులు చూసింది. ఎడమ కాలి అడుగులు లేవు. కుడికాలి అడుగులు తడిగా, వరసగా మంచం దాకా ఉన్నాయి.

"కాలు తుడుసుకుంటే తుడుసుకున్నట్టు ఉండాలె. ఏందా తడి?"

"తుడిసిన గదనే."

ఆమె వేలితో ఆ తడిని తాకి చూసింది. నీళ్ళలా లేదు, జిగటగా ఉంది. లేచి వచ్చి, ఆయన్ను మంచం మీద కూర్చోబెట్టి, కుడికాలు ఒళ్ళోకి తీసుకుని తిప్పింది. వేళ్ళ కింద చర్మం పాల మీద మీగడలా లేచి ఒక పక్కకు ముడుచుకుపోయి ఉంది. దాని కింద ఎర్రగా పచ్చి మాంసం. కనకరాజు మెడ వంచి చూశాడు. ఎవరిదో కాలు చూసినట్టు చూశాడు.

"నొస్తలేదా?"

"లేదు."

కాలిన కాలు కన్నా ఆ మాటకే ఆమె ఎక్కువ భయపడింది.

దవాఖానలో డాక్టరమ్మ పేరు శ్రీకళ. పుండు కడిగి కట్టు కట్టాక ఒక సన్నటి నైలాన్ దారం తీసింది. కనకరాజు దాన్ని చూడగానే గుర్తుపట్టాడు, రవిక చేతులకు పూసలు కుట్టే దారం లాంటిదే. "కళ్ళు మూసుకోండి. రెండు పాదాల మీదా ఈ దారం ఆనిస్తాను. తగిలినప్పుడల్లా ఆఁ అనండి" అందామె.

కనకరాజు కళ్ళు మూసుకున్నాడు. "ఆఁ" అన్నాడు. కొంచెం ఆగి "ఆఁ" అన్నాడు. మిషన్ తొక్కినట్టు సమంగా అంటూ పోయాడు.

"ఓ అయ్యా" అంది సుక్కమ్మ. "డాక్టరమ్మ దారం బల్ల మీద పెట్టి మందు చీటీ రాస్తున్నది. నువ్వెవలికి ఆఁ అంటున్నవ్?"

శ్రీకళ నవ్వలేదు. చీమల సంగతి అడిగి తెలుసుకుని, అవి రోగం కుదిరి పోలేదని, నరాలు చచ్చిపోయి తెలియకుండా పోయాయని చెప్పింది. కాలు ఉందో లేదో కళ్ళతో చూసుకోవాల్సిందే తప్ప ఇక కాలు చెప్పదు. పుండు ఎముకకు పాకితే ముందు వేళ్ళు, తర్వాత పాదం తీసేయాల్సి వస్తుంది. "పుండు మానిన తర్వాత ఇంట్లో కూడా ఉత్త కాళ్ళతో తిరగొద్దు. మెత్తటి బూట్లు లేకుండా అడుగు పెట్టొద్దు. ఏం పని చేస్తారు మీరు?"

కనకరాజు చెప్పాడు.

"బూట్లేసుకుని చేయండి, లేదంటే మానేయండి" అందామె.

పాదం పోతే పని పోతుంది. పాదం ఉన్నా, బూట్లతో గడ్డి మీదికి ఎక్కితే అది తన పని కాదు. మంచం మీద కట్టుకట్టిన కాలు దిండు మీద పెట్టుకుని కనకరాజు ఈ రెండింటి మధ్యే తిరిగాడు. సుక్కమ్మ మాత్రం చూస్తే చాలు తిట్టేది, తిట్టినంత సేపూ కట్టు మారుస్తూ ఉండేది. "చీమలు పోయినయట! నేను పోయి కొబ్బరికాయ గొట్టిన. ఆ హనుమంతుడు నవ్వుకొని ఉంటడు ఇద్దర్ని జూసి."

యోగేందర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "బావా, ఎల్బీనగర్ పని సగంల ఆగింది. వేరేటోన్ని పంపుతున్న."

"బాణాలు వసారా దిక్కు జూడాలె. తలకిందులు బెట్టినడనుకో, నా సగం గూడ పాడైతది."

"కాలు పోతున్నదంటే బాణాలంటవేంది?"

కానీ వేదవతి ఇంకెవరినీ పంపొద్దని ఫోన్ చేసి చెప్పింది. కనకరాజు కాలు మానేదాకా ఎంతకాలమైనా అలాగే ఉంచమంది. సంగతి తెలిసినప్పటి నుంచి ఆమెకు, తన కాలు ఎగిరి వెనక్కి వచ్చిన చోట ఆ మనిషి నిలబడి మజ్జిగ తాగిన దృశ్యమే కనబడుతోంది. గేటు వైపు గడ్డి ఆ వంకన బతికిపోయిందన్న సంతోషం కూడా లేకపోలేదు.

చిటికెన వేలు నల్లబడింది. అది తీసేశారు. పాదం మాత్రం నిలిచింది. బోనాలు వచ్చి వెళ్ళాక డాక్టరమ్మ పనికి పొమ్మంది, బూట్లతోనే.

ఈలోగా ఎల్బీనగర్‌లో వానలు కురిశాయి. సగం అది, సగం ఇది అయిన ఆ ముంగిలిని మొగుడూ పెళ్ళాలు పోటీ పెట్టి చూశారు. అసలు గడ్డి రెండు వానలకే చీలమండల దాకా లేచింది. మాలి రాలేదు. తుంగ మొలిచింది, నత్తలు చేరాయి, చక్రపాణి అన్నట్టే హాలు నిండా బురద ముగ్గులు పడ్డాయి. ప్లాస్టిక్ గడ్డి మీద వాన నీళ్ళు పడ్డవి పడ్డట్టు దిగిపోయాయి. కుర్చీలు వేసుకోవచ్చు, బట్టకు మట్టి అంటదు. అయితే పక్కింటి వేప చెట్టు ఆకు రాలి పోచల మధ్య ఇరుక్కుంటే చీపురుకు రాదు. కూర్చుని ఏరుకోవాలి. ఏరేది చక్రపాణే. ఎండ కాసిన రోజు పదింటికే దాని మీద కాలు పెట్టనివ్వదు. పక్కనే అసలు గడ్డి, అదే ఎండలో, చల్లగా ఉంటుంది.

కనకరాజు ఆటో దిగేసరికి యోగేందర్ గేటు దగ్గర ఉన్నాడు. బావ కాళ్ళ వైపు చూసి నోరు తెరిచాడు. డాక్టరమ్మ చెప్పిన మెత్తటి బూట్లే ఉన్నాయి. కనకరాజు సంచిలోంచి రెండు గలీబులు తీసి, దిండ్లకు తొడిగినట్టు ఆ బూట్లకు తొడిగి, చీలమండ దగ్గర నాడా బిగించాడు. ఎర్ర మఖ్మల్. కొట్టు మూసినప్పుడు మిగిలిన తానులోంచి కుట్టుకున్నవి. అడుగున మూడు పొరల దళసరి గుడ్డ.

"ఏంది బావా, మళ్ళ పెండ్లా? అక్కకు జెప్పినవా?"

"బూటు బట్టకు తగలొద్దు. కాలు నేలకు తగలొద్దు. ఇంకేం తోవుందిరా?"

"మరి గది తొక్కుతుంటే పట్టిందో లేదో నీకెట్ల తెలుస్తది?"

"ఇంతకుముందు గూడ తెలుస్తలేదుగా. తెలుసనుకున్న, అంతే" అన్నాడు కనకరాజు.

వసారా దగ్గర మళ్ళీ అదే వాదన నడుస్తోంది. రెండో సగం కూడా తవ్వించాలని చక్రపాణి, తవ్వితే తన మీదుగా తవ్వాలని వేదవతి. ఆమె మళ్ళీ అదే ప్రశ్న వేసింది. "ఇప్పుడు చెప్పండి, ఏది మంచిది?"

కనకరాజు ఈసారి చీర సంగతి చెప్పలేదు. రెండు రకాల గడ్డీ కలిసే చోట గొంతుక్కూర్చున్నాడు. అప్పటికి ఎండ బాగా ఎక్కింది. కుడి అరచెయ్యి తను పరిచిన దాని మీద, ఎడమ అరచెయ్యి మొలిచిన దాని మీద పెట్టాడు. కుడి చెయ్యి కాసేపటికే ఎత్తాడు. ఎడమ చెయ్యి అక్కడే ఉంచాడు.

"కుర్చీలేసుకొని కూసునేటందుకు గిది మంచిది సార్. ఉత్త కాళ్ళతోని నడిసేటందుకు గది. చెప్పులేసుకొని నడిసేటట్టయితే అంతా గిదే పరుస్త. అమ్మ ఉత్త కాళ్ళతోనే నడుస్తా అంటది గద."

"నాకూ షుగర్ ఉందయ్యా. నడవాల్సింది నేను కూడా" అన్నాడు చక్రపాణి.

కనకరాజు లేచి నిలబడ్డాడు. ఎర్ర మఖ్మల్ కుడి గలీబు ముందు భాగంలో, చిటికెన వేలు ఉండాల్సిన చోట, ముందే చిన్న దూది ముద్ద పెట్టి కుట్టుకుని ఉన్నాడు. అది కొంచెం ఎత్తుగా కనబడుతోంది. చక్రపాణి దానికేసి చూసి, తర్వాత తన చెప్పుల కేసి చూసుకుని, "సరే, అటు సగం ఉండనీ. మాలి దొరక్కపోతే మాత్రం నువ్వే కోస్తావ్" అన్నాడు పెళ్ళాంతో.

ఇక మిగిలింది అంచు. పాకే గడ్డికీ పాకని గడ్డికీ అతుకు కనకరాజు ఎప్పుడూ వేయలేదు. జిగురు పని చేయదు. వదిలేస్తే అసలు గడ్డి కాళ్ళు చాపుకుని దీని మీదికి ఎక్కేస్తుంది. మధ్యలో ఇటుకలు నిలువునా పాతించి, వాటికి ఆనించి ప్లాస్టిక్ అంచును మడిచి, చీర కొంగు అంచు మడిచినట్టు లోపలికి దోపి మేకులు కొట్టాడు. కనబడకుండా వేయాలని ప్రయత్నించని అతుకు అదొక్కటే ఆయన జీవితంలో. దూరంగా జరిగి, తల వాల్చి చూశాడు. వాలు వసారా వైపే ఉంది.

సాయంత్రం ఇంటికి వచ్చాక సుక్కమ్మ గుమ్మంలోనే ఆపింది. గలీబులు విప్పించింది, బూట్లు విప్పించింది, కుర్చీలో కూర్చోబెట్టి అద్దాలు పెట్టుకుంది. పాదం వెలుతురు వైపు తిప్పి, వేళ్ళ సందులు విడదీసి చూసింది. ఆ తర్వాత అరచేత్తో మడమ నుంచి వేళ్ళ దాకా ఒకసారి, వేళ్ళ నుంచి మడమ దాకా ఒకసారి నిమిరింది. ఎక్కడా గరుకు లేదు. తర్వాత మిషన్ సొరుగులోంచి నైలాన్ దారం తీసింది. డాక్టరమ్మ చేసిన పరీక్ష ఆమె కూడా పట్టుకుంది.

"కండ్లు మూసుకో. యాడ తగిలిందో జెప్పు."

కనకరాజు కళ్ళు మూసుకున్నాడు. వీధిలో ఐస్‌క్రీం బండి గంట వినబడుతోంది. అబద్ధం ఆడకూడదని నిర్ణయించుకున్న మనిషిలా శ్రద్ధగా కూర్చున్నాడు.

"మడమ కాడ" అన్నాడు చివరికి. "జరంత. తెలిసింది."

సుక్కమ్మ దారం ఇంకా వేళ్ళ మధ్యే పట్టుకుని ఉంది.

"మడమ కాడ నేను పెట్టనే లేదు" అంది. లేచి, ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులు తెచ్చి, ఒకటి తర్వాత ఒకటి తనే తొడిగింది.